కన్నుమూసినవారు, మృతి చెందినవాడు

పత్రిక డెస్కులో చేరిన కొత్తలో ఎవరూ నేర్పకుండానే నాకు వచ్చేసిన విద్య ఒకటుంది. చనిపోయిన మనిషి ఎవరో చూసి క్రియాపదం ఎంచుకోవడం. మాజీ ఎమ్మెల్యే పోతే 'కన్నుమూశారు'. పేరున్న కళాకారుడైతే 'తుదిశ్వాస విడిచారు' లేదా 'ఇకలేరు'. పీఠాధిపతి అయితే ఆయన సంప్రదాయాన్ని బట్టి 'పరమపదించారు', 'శివైక్యం చెందారు'. సరిహద్దులో జవానుది 'వీరమరణం'. మూడో అంతస్తు సెంట్రింగ్ మీద నుంచి జారిపడ్డ కూలీ మాత్రం 'మృతి చెందాడు'. పిడుగు పడితే మేకలు 'మృత్యువాత పడ్డాయి'. కల్తీ మద్యం తాగి పదిమంది పోతే వాళ్లూ మృత్యువాత పడ్డవారే. పోలీసు కాల్పుల్లో పోయినవాడు 'హతం'.

ఈ పట్టిక మాకిచ్చిన శైలి నియమాల్లో ఎక్కడా లేదు. అయినా ఒక్క రాత్రి కూడా ఎవరం పొరబడలేదు. కూలీ 'కన్నుమూశారు' అనీ, మంత్రి 'మృతి చెందాడు' అనీ రాసినవాళ్లు లేరు. పొరపాటున రాసినా పక్క కుర్చీలోని సీనియర్ దిద్దేవారు, అచ్చుతప్పు దిద్దినంత మామూలుగా.

ఎవరి ప్రాణం విలువ ఎంతో చెప్పే సిద్ధాంతాన్ని నమ్మి మేము అలా రాయలేదు. మంచి తెలుగు రాస్తున్నామనే అనుకున్నాం. రోజువారీ మాట, పత్రిక, టీవీ, సినిమా కలిసి సమాజపు విలువలను ఎలా తయారు చేస్తాయి, ఎలా నిలబెడతాయి అని ఎవరైనా అడిగితే నేను ఈ డెస్కు నుంచే మొదలుపెడతాను. అయితే భాషలో మనకు ఎంపిక ఉన్న చోటు ఏది, లేని చోటు ఏది అన్నది ముందు విడదీసుకోవాలి. అది చేయకపోతే ఈ చర్చ తొందరగా దారి తప్పుతుంది.

వ్యాకరణం చేసిన నేరం ఎంత?

దారి తప్పే మొదటి మలుపు వ్యాకరణమే. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బస్సు వచ్చింది. స్త్రీకీ బస్సుకూ ఒకటే క్రియ. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం కూడా స్త్రీలు, జంతువులు, ప్రాణం లేని వస్తువులు కానివాటిని మహత్తులు అంది. మిగిలినవి అమహత్తులు. ఎవరు గొప్పో పేర్లే చెబుతున్నాయి కదా అని ఆక్షేపిస్తే తోసిపుచ్చలేం. కానీ ఈ విభజన ఒక పండితుడు కూర్చుని కల్పించినది కాదు. మాట్లాడే భాష అప్పటికే అలా ఉంది. సంప్రదాయ వ్యాకరణం దానికి పేర్లు పెట్టింది, పేర్లు పెట్టేటప్పుడు తన కాలపు చూపును కూడా అందులో కలిపింది.

పైగా ఇదే వ్యాకరణం బహువచనంలోకి రాగానే పల్టీ కొడుతుంది. అబ్బాయిలు వచ్చారు, అమ్మాయిలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఒంటరిగా ఉన్నంతసేపు బస్సుల జట్టులో ఉన్న స్త్రీ, పక్కన ఇంకొకరు చేరగానే మనుషుల జట్టులోకి వచ్చేస్తుంది. తమిళంలో, కన్నడంలో ఈ చిక్కు లేదు. అవన్, అవళ్, అదు అని తమిళంలో. అవను, అవళు, అదు అని కన్నడంలో ఎవరికి వారికి సర్వనామం ఉంది. అంతమాత్రాన ఆ ఇళ్లలో ఆడవాళ్ల స్థితి మనకంటే ఒక మెట్టు పైన ఉందని ఎవరైనా అనగలరా? బెంగాలీ సర్వనామాల్లో అసలు ఆడ, మగ తేడాయే లేదు. 'సే' అంటే అతడూ, ఆమె కూడా. ఆ భాష మాట్లాడే నేల మీదే వితంతువుల గోడు చూడలేక ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పట్టుబడితే 1856లో పునర్వివాహ చట్టం వచ్చింది. సర్వనామంలో ఉన్న సమానత్వం వంటింటి గడప దాటి లోపలికి వెళ్లలేదు.

భాష ఆలోచనను శాసిస్తుందన్న వాదానికి ఒకప్పుడు గొప్ప ఊపు ఉండేది. అందులో ముఖ్యుడైన బెంజమిన్ లీ వోర్ఫ్ అమెరికాలో అగ్నిప్రమాద బీమా కంపెనీ ఉద్యోగి. నిండు పెట్రోలు డ్రమ్ముల దగ్గర జాగ్రత్తగా మసలుకునే జనం 'ఖాళీ' డ్రమ్ముల దగ్గర నిర్లక్ష్యంగా సిగరెట్టు కాల్చడం ఆయన కంటబడింది. నిజానికి ఆవిరి నిండిన ఖాళీ డ్రమ్మే ఎక్కువ ప్రమాదకరం. 'ఖాళీ' అన్న మాట వాళ్ల భయాన్ని కూడా ఖాళీ చేసింది. ఇలాంటి పరిశీలనల మీద కట్టిన పెద్ద వాదం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు. మాటలేని చోట ఆలోచనే ఉండదన్నది నిజం కాదు. మిగిలింది చిన్న వాదం: భాష మన ఆలోచనకు సంకెళ్లు వేయదు గానీ, అలవాటైన బండిజాడలోకి నెడుతూ ఉంటుంది. నాకు ఆ చిన్న వాదం చాలు.

బస్సు వచ్చింది అనేటప్పుడు మనకు వేరే దారి లేదు. వేరే దారి ఉండి కూడా రోజూ ఒకే దారిలో నడిచే చోట్లు చూడాలి.

చెప్పేవారు, వాపోయేవారు

వాడు, అతడు, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు. తెలుగులో మూడో మనిషి ప్రస్తావన రాగానే ఈ మెట్లలో ఒకటి ఎక్కించక తప్పదు. ఇంగ్లీషువాడు 'హి' అనేసి తప్పించుకుంటాడు. మనకు ఆ వెసులుబాటు లేదు. వాక్యం పూర్తయ్యేలోగా ఆ మనిషి స్థాయి తేల్చేయాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. మగవాడికి మర్యాద ఇస్తే 'వచ్చాడు' కాస్తా 'వచ్చారు' అవుతుంది, ఒక్క మెట్టు. స్త్రీకి మర్యాద ఇస్తే 'వచ్చింది' నుంచి 'వచ్చారు'కు వెళ్లాలి. బస్సుల జట్టు నుంచి మనుషుల జట్టుకు దూకాలి. కాబట్టి పత్రికలో ఒక స్త్రీ పేరు తర్వాత వచ్చే 'రు' ఆమెకు మగవాడికంటే ఎక్కువ అవసరం. అది దక్కేది ఎవరికి? మంత్రికి, కలెక్టరుకు, డాక్టరుకు, సినిమా నటికి. రైతుబజారులో ఆకుకూరలమ్మే మనిషికి దక్కదు. ఆవిడ వయసు డెబ్బై ఉండవచ్చు, ఆమెను ఫోటో తీసిన విలేకరి వయసు ఇరవై రెండు ఉండవచ్చు. ఇంట్లో తన అమ్మమ్మ వయసు మనిషిని ఆ కుర్రవాడు 'అది, ఇది' అనడు. పేపరులోకి రాగానే 'ఆమె చెప్పింది' అంటాడు.

చెప్పింది అని రాస్తే అదృష్టమే. పేదవాళ్లు మన పత్రికల్లో మామూలుగా 'చెప్పరు'. వాపోతారు. మొరపెట్టుకుంటారు. గోడు వెళ్లబోసుకుంటారు. కన్నీరుమున్నీరవుతారు. నాయకులు స్పష్టం చేస్తారు, పేర్కొంటారు, ఉద్ఘాటిస్తారు, హెచ్చరిస్తారు, పిలుపునిస్తారు. కొనుగోలు కేంద్రం దగ్గర ఒక రైతు నిలబడి, ధాన్యంలో తేమ ఎంత ఉందంటున్నారు, బస్తాకు ఎంత తరుగు తీస్తున్నారు, లారీ ఎన్ని రోజులుగా రావడం లేదు అని లెక్కలతో సహా వివరిస్తాడు. మర్నాడు చూస్తే 'తమను ఆదుకోవాలని రైతు వాపోయాడు'. ఆయన ఇచ్చింది సమాచారం, అచ్చయ్యింది ఏడుపు. అదే కేంద్రానికి వచ్చిన అధికారి 'త్వరలో పరిష్కరిస్తామని స్పష్టం చేశారు'. ఆ మాటలో స్పష్టత ఏమీ లేకపోయినా క్రియాపదం ఆయనకు దాన్ని అరువిచ్చింది.

ఇలాంటి వాక్యాలు వేలసార్లు చదివిన పాఠకుడికి ఎవరూ ఏదీ బోధించనక్కర్లేదు. తెలివి ఒక వర్గానిది, కన్నీళ్లు ఇంకో వర్గానివి అన్నది చదువుతో పాటే ఒంటబడుతుంది. తర్వాత ఎప్పుడైనా అదే రైతు గట్టిగా, లెక్కలతో, కోపంగా మాట్లాడితే 'ఎవరో వెనకుండి మాట్లాడిస్తున్నారు' అన్న అనుమానం మనకు సహజంగా పుడుతుంది.

కర్త లేని వాక్యాలు

అచ్చుకు వేళ మించిపోతున్నప్పుడు చేతికి అందేవి పోత పోసి పెట్టుకున్న మాటలు. 'అప్పుల బాధ తాళలేక', 'కుటుంబ కలహాల నేపథ్యంలో', 'క్షణికావేశంలో', 'మనస్తాపంతో'. చదివేవారి కన్ను వీటి మీద ఆగదు. వాతావరణ సూచన చదివినట్టు చదివేస్తాం. అప్పు ఇచ్చినవాడు ఎవడు, వడ్డీ ఎంత, బ్యాంకు గడప కౌలు రైతు ఎందుకు ఎక్కలేకపోయాడు అన్న ప్రశ్నలన్నీ 'అప్పుల బాధ' అనే రెండు పదాల కింద సమాధి అవుతాయి. ఆత్మహత్య వార్తలు ఎలా రాయకూడదో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ చావును సమస్యకు పరిష్కారంలా చూపించవద్దన్నది వాటి సారాంశంలో ఒకటి. 'తాళలేక' అన్న మాట రోజూ చేస్తున్నది సరిగ్గా అదే.

మనకు కర్తను వదిలేసే సౌకర్యం పుష్కలంగా ఉంది. 'ఊపిరాడక ఇద్దరు కార్మికుల మృతి' అని మ్యాన్‌హోల్ వార్తకు శీర్షిక పెడతాం. మురుగు గుంతల్లోకి రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అంటే దించిన వాడొకడు ఉన్నాడు, అతడు చేసింది నేరం. మన శీర్షికలో నేరస్థుడు ఊపిరాడకపోవడం. 'అత్యాచారానికి గురైన యువతి' అనే వాక్యం కూడా ఈ కుదురులోదే. జ్వరానికి గురైనట్టు, వడదెబ్బకు గురైనట్టు. వాక్యం మొత్తం ఆమె చుట్టూ తిరుగుతుంది, ఆమె ఏ వేళప్పుడు, ఎవరితో, ఎక్కడికి వెళ్లిందో వివరాలు పోగవుతాయి. చేసినవాడు వాక్యంలోకి రానే రాడు. వచ్చినప్పుడు 'ప్రేమోన్మాది' అవుతాడు. కత్తి పట్టుకుని వెంటబడినవాడికి మనం ఇచ్చిన బిరుదులో మొదటి మాట ప్రేమ! ఆ దాడికి కారణం రాసేటప్పుడు 'ప్రేమను నిరాకరించినందుకు' అంటాం. కారణం వాడి దగ్గర నుంచి ఆమె దగ్గరకు జరిగిపోయింది.

'మానభంగం' అన్న పాత మాట ఇంకా దారుణం. దెబ్బతిన్నది శరీరం, భంగపడింది మానమట, అదీ ఆమెదట. ఆ మాట ఇప్పుడు పేపర్లలో బాగా తగ్గింది, టీవీ చర్చల్లో అప్పుడప్పుడూ తలెత్తుతుంది. కోర్టు తీర్పుల భాషలో సైతం ఇటువంటి మాటలు పేరుకుపోయాయని సుప్రీంకోర్టు స్వయంగా గుర్తించి, ఏ మాట మానాలో, దాని బదులు ఏది వాడాలో సూచిస్తూ 2023 ఆగస్టులో న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం విడుదల చేసింది.

వాక్యం తిప్పి రాస్తే నిజంగా తేడా వస్తుందా, లేక ఇది రచయితల చాదస్తమా అని అడిగేవారికి ఒక పాత ప్రయోగం చెప్పాలి. 1981లో ట్వెర్‌స్కీ, కానెమాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ఊహాజనిత వ్యాధి కథ అల్లారు. 600 మంది ప్రాణాలు ప్రమాదంలో ఉన్నాయి. ఒక పథకంతో 200 మంది కచ్చితంగా బతుకుతారు. ఇంకోటి జూదం లాంటిది, అందరూ బతకవచ్చు, ఒక్కరూ బతకకపోవచ్చు. 72 శాతం మంది మొదటిదే కోరుకున్నారు. వేరే బృందానికి అదే పథకాన్ని '400 మంది చనిపోతారు' అని చెబితే దాన్ని కోరుకున్నవారు 22 శాతం. లెక్క మారలేదు, క్రియాపదం మారింది. వైద్యం, ప్రాణాలు అన్న చోటే ఇంత ఊగిసలాడే మనసు, పొద్దున్నే కాఫీతో చదివే జిల్లా పేజీ దగ్గర స్థిరంగా ఉంటుందని నేను నమ్మను.

శుభలేఖ మీద రెండు అక్షరాలు

ఇదంతా పత్రికల పాపమే అనుకుంటే అన్యాయం. పత్రికకు ముడిసరుకు ఇంట్లోనే తయారవుతుంది. ఇంట్లో ఉన్న ఏ పెళ్లి పత్రికైనా తీసి చూడండి. వరుడి పేరు ముందు 'చి.', వధువు పేరు ముందు 'చి.ల.సౌ.'. చిరంజీవి అంటే నూరేళ్లు బతకమని. లక్ష్మీసౌభాగ్యవతి అంటే భర్త నూరేళ్లు బతకాలని. ఆమెకూ 'చి.' ఉంది, కాదనను. కానీ ఆమెకు అదనంగా ఇచ్చిన దీవెన కూడా తిరిగి అతని ఆయుష్షుకే చేరుతుంది. పెళ్లిపీటల మీద 'దీర్ఘ సుమంగళీ భవ' అన్నదీ అదే. ఎంత ప్రేమగా అక్షతలు వేసే అమ్మమ్మ నోట వచ్చినా దాని అర్థం మారదు.

ఆ దీవెన తిరగబడితే పుట్టే తిట్టు కూడా మన నిఘంటువులో ఉంది. 'వెధవ'. మగపిల్లవాడిని ముద్దుగా, కోపంగా, విసుగ్గా అందరూ అనే ఈ మాట 'విధవ' నుంచి వచ్చింది. భర్త పోయిన స్త్రీ ఎంత హీనమో చెప్పడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు, ఆమె పేరు మన తిట్టు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, ఏళ్ల తరబడి రాసి, వెక్కిరించి, వాదించి, చివరికి 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. పత్రికను ఆయుధంగా వాడి విలువను మార్చడానికి తెలుగులో అంతకంటే పెద్ద ఉదాహరణ వెతకనక్కర్లేదు. ఆచారం కదిలింది. తిట్టు కదల్లేదు. ఆయన తర్వాత శతాబ్దం దాటినా దాన్ని మనం లాలనగా వాడుకుంటున్నాం.

'చండాలంగా ఉంది' అన్న మాట సంగతీ అంతే. చెడిపోయిన కూరను, బాగోలేని సినిమాను, మురికి వీధిని అలా అనేవారిలో చాలామందికి అది అంటరానివాడిగా చూసిన మనిషికి పెట్టిన పేరని తెలియదు. తెలియకపోవడంలోనే దాని బలం. కులం ఊసెత్తని ఇళ్లలో కూడా ఆ మాట చులాగ్గా తిరుగుతుంది.

పెళ్లి మాటలు ఇంకా ఎన్నో. పిల్లనిస్తారు, పుచ్చుకుంటారు, దానం చేస్తారు, కాపురానికి పంపుతారు. అబ్బాయిని ఎవరూ ఎక్కడికీ పంపరు. తర్వాత కొన్నేళ్లకు 'మా ఆయన వంటలో సాయం చేస్తారు' అన్న మెచ్చుకోలు వినబడుతుంది. సాయం అన్నామంటే పని ఎవరిదో తేలిపోయినట్టే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశవ్యాప్తంగా జనం సమయం ఎలా గడుపుతున్నారో లెక్కగట్టింది. జీతం రాని ఇంటిపని చేసినవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అసలు ఆ పని ముట్టుకున్నవారే స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. ఐదు గంటలు పనిచేసిన ఆ మనిషి గురించి ఎవరైనా అడిగితే మనం చెప్పే జవాబు: 'ఏమీ చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది.'

పేరు పెట్టేది ఎవరు?

మాట చెడ్డదైతే మార్చేస్తే సరి అంటారు కొందరు. మార్చిన అనుభవం మనకు చాలా ఉంది. గాంధీజీ 1930ల్లో ప్రచారంలోకి తెచ్చిన 'హరిజన' మాట ఊళ్లలో హరిజనవాడగా స్థిరపడింది. పేరులో హరి చేరినా వాడ మాత్రం ఊరి బయటే ఉండిపోయింది. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద దాడి జరిగింది. దాని తర్వాత పుట్టిన దళిత మహాసభతో 'దళిత' అన్న మాట తెలుగు నేల మీద ఇంటింటికీ చేరింది. అది ముద్దుపేరు కాదు, అణగదొక్కబడినవారు అని అర్థం. వినగానే తొక్కింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. 'హరిజన'లో ఆ ప్రశ్న రాదు. 2018లో కేంద్ర సమాచార శాఖ టీవీ ఛానళ్లకు 'దళిత' బదులు 'షెడ్యూల్డ్ కులం' వాడమని సూచించినప్పుడు దళిత సంఘాలు ఎందుకు మండిపడ్డాయో ఈ తేడా తెలిస్తే అర్థమవుతుంది.

'వికలాంగులు' నుంచి 'దివ్యాంగులు'కు జరిగిన మార్పు ఇందుకు ఎదురు ఉదాహరణ. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో వచ్చిన సూచన మరుసటి ఏడాదికే ప్రభుత్వ శాఖ పేరయింది. మాకు దివ్యత్వం అక్కర్లేదు, బస్సెక్కడానికి ర్యాంపు కావాలి అన్నవారి మాట అంత త్వరగా ఎవరి చెవికీ ఎక్కలేదు. పాత మాటలో కించపరిచే గుణం ఉంది, నిజమే. కానీ పైనుంచి ప్రసాదించిన పేరు, లోపలి నుంచి ఎంచుకున్న పేరు ఒకేలా పనిచేయవు.

కథానాయకుడి యాస

గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషలోనే చదువు సాగాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29 మనకు తెలుగు భాషా దినోత్సవం. పోరాటం గెలిచింది, పత్రికలు గ్రాంథికం వదిలాయి. కానీ గ్రాంథికం ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నది అందరి వాడుక భాష కాదు. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో, సినిమా మాటల్లో ఎవరు ఎక్కువగా పనిచేశారో వారి భాష, అంటే కృష్ణా గోదావరి తీరపు చదువుకున్నవారి భాష ప్రామాణికం అనిపించుకుంది. రెండున్నర జిల్లాల భాష అని తెలంగాణ ఎద్దేవా చేసింది అందుకే. ఈ వ్యాసం కూడా చాలావరకు ఆ భాషలోనే నడుస్తోందని ఒప్పుకుంటున్నాను. నేను పుట్టింది ఆ జిల్లాల్లో కాదు. డెస్కులో కుర్చీ దొరకాలంటే ఆ భాష రావాలి, అంతే.

దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో కథానాయకుడు ఆ భాష మాట్లాడాడు. తెలంగాణ యాస రౌడీకి, హాస్యగాడికి దక్కింది. ఉత్తరాంధ్ర పలుకు పనిమనిషికీ, అమాయకుడికీ దక్కింది. రాయలసీమ పలుకు వినబడిందంటే వెనక సుమోలు, వేటకొడవళ్లు రావాల్సిందే. దీని ఫలితం థియేటరులో ఆగదు. హాస్టల్లో చేరిన కడప కుర్రవాడిని 'మీ ఇంట్లో బాంబులు ఎన్ని ఉన్నాయి' అని నవ్వుతూ అడుగుతారు. వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి ఇంటర్వ్యూకు వెళ్లేముందు అద్దం ముందు తన మాటలు దిద్దుకుంటుంది. నవ్వడానికి అలవాటు పడ్డ ప్రేక్షకుడు ఆ యాస ఎక్కడ విన్నా ముందుగా నవ్వుకే సిద్ధపడతాడు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలతో పాటు ఈ అవమానం కూడా పాలుపంచుకుంది. 2014 తర్వాత కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. సినిమాల్లో కథానాయికలు, కథానాయకులు ఆ యాస మాట్లాడటం మొదలైంది, వసూళ్లు కూడా వచ్చాయి. భాషలో మార్పేమీ లేదు, అదే యాస. మాట్లాడే పాత్ర మారింది, నవ్వు మాయమైంది. ఉత్తరాంధ్ర, సీమ పలుకులకు ఆ రోజు ఇంకా పూర్తిగా రాలేదు.

ఒక పాఠం, ఒక దుకాణం

ఇంతవరకు చెప్పినదంతా మాట విలువలను ఎలా గడ్డకట్టిస్తుందన్న కథ. అది కరగడమూ నేను చూశాను. 1980ల్లో ప్రభుత్వమే సారా సరఫరా చేసింది. ఆ పథకానికి పెట్టిన పేరు 'వారుణి వాహిని'. సారాను సంస్కృతంలో ముంచితే పురాణపు వాసన వస్తుందని ఎవరికి తట్టిందో గానీ గట్టి బుర్రే. ఇంటికి వచ్చేసరికి మాత్రం అది తాగుడు, తన్నులు, పస్తులు. దానికి ఆడవాళ్ల దగ్గర ఉన్న మాట ఒక్కటే: 'నా రాత'.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడిలో చదివే వాచకంలో తాగుబోతు భర్తతో వేగే సీతమ్మ కథ ఉంది. దూబగుంట గ్రామంలో ఆ పాఠం చదువుకున్న ఆడవాళ్లు, రోశమ్మ వంటివారు ముందు నిలబడి, ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ కబురు మళ్లీ 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై పక్క ఊళ్ల రాత్రి బడులకు చేరింది. పత్రికలు రోజూ ఆ వార్తలను మోశాయి. ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్లకే అది సడలిపోయింది, కానీ ఆ సంగతి వేరే.

నాకు ఆ ఉద్యమంలో వాక్యం మారిన తీరు ఆసక్తి. 'నా మొగుడు తాగుతాడు, నా రాత' అన్నచోట కర్త మొగుడు, కారణం విధి. 'మా ఊళ్లో సారా కొట్టు ఉంది, దాన్ని సర్కారు వేలం వేసింది' అన్నచోట కర్త మారాడు. నేరం రాత నుంచి ఒక దుకాణానికి, ఒక వేలంపాటకు, ఒక సంతకానికి చేరింది. విధి మీద ధర్నా చేయలేం. దుకాణం తలుపు మూయించవచ్చు. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు, కావాలని కాకపోయినా, కర్తను వెతకడం నేర్చుకున్నారు.

డెస్కులో కూర్చున్న మాకు అక్షరాలు బాగానే వచ్చు. నాకు ఇప్పటికీ గుర్తున్న ఒక రాత్రి, మండలం నుంచి ఒక విలేకరి చిన్న వార్త పంపాడు. తెల్లవారుజామున రోడ్డు ఊడుస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలిని లారీ ఢీకొంది, ఆస్పత్రిలో ఆమె 'కన్నుమూశారు' అని. నేను అలవాటుగా కొట్టేసి 'మృతి చెందింది' అని మార్చాను. మర్నాడు అతను ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్లు మా వీధి ఊడ్చిందండీ, నేను రాసిందాంట్లో తప్పేముంది సార్ అన్నాడు. కాలమ్‌లో స్థలం చాల్లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. 'కన్నుమూశారు'లో ఐదు అక్షరాలు. 'మృతి చెందింది'లోనూ ఐదే, మధ్యలో ఒక ఖాళీ అదనం.